లోట్లమ్మ

"కూరలో ఉప్పు తక్కువైంది" అన్నాడు భర్త, మొదటి ముద్ద ఇంకా గొంతు దిగకముందే. ఆమె అప్పుడు పొయ్యి తుడుస్తోంది. ఒక చేత్తో తుడుస్తూనే రెండో చేత్తో ఉప్పు డబ్బా అందించింది. డబ్బా అతని చేతికి అందేంత దూరంలోనే ఉంది. అయినా ఆమే అందించాలి. పెళ్ళయిన నాటి నుంచీ ఆ డబ్బా అలాగే ప్రయాణం చేస్తోంది.

ఆ ఇంట్లో ఆమె చేసిన పనికి పేరు లేదు, చేయని పనికి మాత్రం బోలెడన్ని పేర్లు. ఉతికి, ఆరేసి, మడతపెట్టి, ఎవరి అరలో వాళ్ళవి సర్దిన బట్టల ఊసు ఎవరూ ఎత్తరు. ఊడిపోయిన ఒక్క బొత్తాం గురించి మాత్రం వారం రోజులు మాట్లాడుకుంటారు. అత్తగారిది ఇంకో పద్ధతి. నోరు తెరిచి ఏమీ అనదు. కిటికీ చట్రం మీద చూపుడువేలు రాసి, ఆ వేలిని వెలుతురుకి ఎత్తి పెట్టి చూసుకుంటుంది. అది కోడలి కంటపడితే "నేనేమన్నానమ్మా ఇప్పుడు?" అంటుంది పైగా. భర్త స్నేహితులెవరైనా వస్తే "మా ఆవిడకి లోకజ్ఞానం కాస్త తక్కువ" అని పరిచయం చేస్తాడు. వాళ్ళు నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది, కాఫీ కప్పులు అందిస్తూ. తన గురించి తనే నవ్వడం ఎంత అలవాటైపోయిందంటే, ఒక్కోసారి వాళ్ళకంటే ముందే నవ్వేస్తుంది.

ఇంత లోకజ్ఞానం తక్కువైన మనిషికి ఉద్యోగం ఎలా వచ్చిందని ఎవరైనా అడగొచ్చు. వచ్చింది. నాలుగు వీధుల అవతల తల్లీపిల్లల కేంద్రం ఒకటి ఉంది. అక్కడ పసిపిల్లల గది ఉంది, బొమ్మలున్నాయి, మెత్తటి చాపలున్నాయి. ఇంటింటికీ తిరిగి ఆ ఇళ్ళలో ఏం లోటు ఉందో కనుక్కోవడం ఆమె పని. బిడ్డ బరువు తక్కువా? ఇంట్లో శుభ్రత తక్కువా? తల్లికి ఓపిక తక్కువా? పైవాళ్ళు అచ్చువేసి ఇచ్చిన ప్రశ్నలన్నీ తక్కువలోనే మొదలై తక్కువలోనే ముగుస్తాయి. అందుకే ఆ వీధుల్లో ఆమెకి 'లోట్లమ్మ' అని పేరుపడింది. "లోట్లమ్మ వస్తోంది, తలుపెయ్యి" అనుకోవడం ఆమె చెవిన పడుతూనే ఉంటుంది. పొద్దున్న తన లోట్లు వినేసి, పగలంతా ఊళ్ళోవాళ్ళ లోట్లు ఏరుకుని, సాయంత్రం మళ్ళీ తనవి వినడానికి ఇంటికొచ్చేది. ఈ గొలుసు ఆమెకి అప్పటికి కనిపించలేదు.

కేంద్రానికి ఎవరూ రావడం మానేశారు. మానరా మరి. లోపలికి అడుగుపెట్టగానే గోడకి అంటించిన కాగితం మీద పెద్ద అక్షరాల్లో 'తల్లులు చేసే పొరపాట్లు' అని కనిపిస్తుంది. దాని కింద, బిడ్డని ఎలా ఎత్తుకోవాలో రబ్బరు బొమ్మతో నేర్పే తరగతి జరుగుతుంది. చంకలో ఒకణ్ణీ, చేతికి ఒకదాన్నీ వేసుకుని వచ్చిన ఆడవాళ్ళు ఆ రబ్బరు బొమ్మ వంక చూసి, ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, మళ్ళీ రాలేదు. చివరికి చాపలు చుట్టి మూలన నిలబెట్టారు.

ఒకరోజు పెద్ద మేడమ్ వచ్చింది. అన్ని కేంద్రాలమీదా అధికారి ఆవిడ. ఖాళీ గది గుమ్మంలో నిలబడి నిట్టూర్చింది. "ఈ ఆడవాళ్ళకి పట్టింపు లేదు. మనమెంత చేసినా అంతే. నెలాఖరుకి వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే తాళం వేసి, సామాన్లు పెట్టుకునే గది చేసేస్తాం. నీ సంగతి కూడా అప్పుడే ఆలోచిద్దాం" అంది. చెడ్డ మనిషేమీ కాదు. విసిగిపోయింది.

ఇంట్లో ఆ మాట చెబితే భర్త టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే "మంచిదేగా, ఇంటిపట్టున ఉంటావు. ఇల్లయినా ఓ దారికొస్తుంది" అన్నాడు. ఆమెకి భయం వేసింది. జీతం గురించి కాదు. ఇంటికీ కేంద్రానికీ మధ్య ఆ నాలుగు వీధులు నడిచేటప్పుడు ఆమె ఎవరి భార్యా కాదు, ఎవరి కోడలూ కాదు. ఎండ తగులుతుంది, ఎవరో ఏదో అమ్ముతూ అరుస్తారు, తన అడుగుల చప్పుడు తనకే వినిపిస్తుంది. ఆ కాస్త నడకా పోతే ఇక మిగిలేది ఆ కిటికీ చట్రమూ, ఆ వేలూ. ఆ గది మూతపడకూడదు. ఎలాగైనా సరే మూతపడకూడదు.

మర్నాడు ఇస్త్రీ ఆవిడ ఇంటికి వెళ్ళింది. ఒకే గది, మధ్యలో బల్ల, బల్ల మీద ఎవరెవరివో చొక్కాలు. అలవాటు ప్రకారం మొదలుపెట్టింది. "బిడ్డకి వేళకి పాలు పడుతున్నావా? ఇల్లు ఇలా ఉంటే ఎలా?" అంటూ, మాట్లాడుతూ మాట్లాడుతూ పక్కనున్న బీరువా అంచు మీద వేలు రాసింది. రాసి, వెలుతురుకి ఎత్తి చూసుకుంది.

వేలు అక్కడే ఆగిపోయింది. అది తన వేలు కాదు, అత్తగారిది. గొంతు కూడా తనది కాదు. ఆమెకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇస్త్రీ ఆవిడ తలవంచుకుని, ఎప్పుడో ఏదో తప్పు చేసినదానిలా చొక్కా చేతిని మళ్ళీ మళ్ళీ రుద్దుతోంది. ఆ తలవంపు ఆమెకి బాగా తెలుసు. పొయ్యి ముందు రోజూ తను వంచేదే.

"అది సరేగానీ" అంది ఆమె, చేతిని వెనక్కి దాచుకుంటూ. "నీకేం బాగా వచ్చు?"

ఇస్త్రీ ఆవిడ బిత్తరపోయింది. "నాకా? నాకేం వస్తుందమ్మా" అంది.

ఆ పూట ప్రతి ఇంట్లోనూ అదే అడిగింది. ప్రతి ఇంట్లోనూ అదే జవాబు. నాకేం వచ్చండి. నేనేం చదువుకున్నానని. ఆయన్నడగండి. ఇంటికెళ్ళే దారిలో మలుపు దగ్గర నిలబడి, తనకేం బాగా వచ్చో తనే అడిగి చూసుకుంది. ఎంతసేపు ఆలోచించినా ఉప్పు తక్కువైన కూర తప్ప ఏదీ గుర్తు రాలేదు. పకపకా నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది.

దారి దొరికింది మాత్రం అనుకోకుండానే. తర్వాతి రోజు ఇస్త్రీ ఆవిడ పక్కింటికి తాళం వేసి ఉంటే, "ఈవిడ ఎక్కడికెళ్ళింది?" అని ఊరికే అడిగింది. అంతే, నాకేం వచ్చన్న మనిషికి నోరు పెగిలింది. "ఆవిడా? వస్తుంది, కూర్చోండి. ఆవిడ సంగతి మీకు తెలీదు. బిడ్డ ఏడుపు గోడ అవతలనుంచి విని, అది ఆకలి ఏడుపో నిద్ర ఏడుపో ఉత్త మారామో చెప్పేస్తుంది. మా వాడికి జ్వరమొచ్చిన రాత్రి ఆవిడ భుజాన వేసుకున్నాకే నిద్రపోయాడు. ఆవిడ లేకపోతే నేను పిచ్చెక్కి తిరిగేదాన్ని" అంటూ కుర్చీ జరిపింది.

అప్పుడు ఆమెకి తట్టింది. ఎవరి గురించి వాళ్ళను అడిగితే నేల చూస్తారు. పక్కింటివాళ్ళ గురించి అడిగితే కుర్చీ వేస్తారు. ఆ రోజు నుంచి ఆమె ఎవరినీ తమ గురించి అడగలేదు. ఒక గుమ్మంలో విన్న మంచిమాట పట్టుకెళ్ళి పక్క గుమ్మంలో అప్పగించి, "అదేదో కేంద్రానికొచ్చి నలుగురికీ చూపించు" అని పిలిచి, అక్కడినుంచి ఇంకో మాట తీసుకుని ముందుకు నడిచింది. ఏడుపులు తెలిసిన ఆవిడ తన గురించి విని గుమ్మంలోనే కూలబడి, "అలా అందా? నా గురించేనా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. ఆ తర్వాత, "ఆ మాట మా ఆయన ఇంట్లో ఉన్నప్పుడొచ్చి ఇంకోసారి చెప్తావా?" అంది.

అన్ని ఇళ్ళూ ఇలాగే జరగలేదు. ఒకచోట "మా పక్కదానికా? ఏడవడం వచ్చు" అని తలుపు మొహాన వేశారు. వీధి చివర ఒకావిడ ఉంది, ఆవిడ గొంతుకి వీధంతా హడలు. గొంతావిడ అనే పిలుస్తారు. ఆవిడ గురించి ఎవరిని అడిగినా ఒకటే మాట: "దెబ్బలాట బాగా వచ్చు." ఈ మాట ఎలా అప్పగించడమా అని ఆమె సందేహించింది. చివరికి ఉన్నదున్నట్టు చెప్పేసింది. గొంతావిడ నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసి, కడుపు పట్టుకుని నవ్వింది. "నిజమేగా. ఎవరితో దెబ్బలాడాలో చెప్పు" అంది. కేంద్రం గుమ్మం ముందు చెత్త కుప్ప ఉంది, ఎన్ని అర్జీలు పెట్టినా కదలలేదని ఆమె చెప్పింది. మర్నాటి పొద్దుటికి కుప్ప లేదు. మునిసిపాలిటీ ఆఫీసులో గొంతావిడ ఏమందో, అక్కడివాళ్ళు ఇప్పటికీ బయటపెట్టలేదు.

ఆ ఊపులో ఆమె తన పక్కింటి తలుపూ తట్టింది. "మీ అత్తగారా?" అంది పక్కింటావిడ. "మా పిల్లలు చిన్నప్పుడు అన్నం తినకపోతే ఆవిడ దగ్గర వదిలేసేదాన్ని. పులి గొంతు, నక్క గొంతు అన్నీ పెట్టి కథ చెప్పేది. గిన్నె ఖాళీ అయినట్టు వాళ్ళకే తెలిసేది కాదు. ఇప్పుడెందుకో మానేసింది పాపం."

ఇంటికొచ్చేసరికి అత్తగారు కిటికీ దగ్గర ఉంది, వేలు వెలుతురులో ఉంది. ఆమె ఆ మాట అప్పగించి, కేంద్రంలో పిల్లలకి కూడా ఆ కథలు చెప్పమని అడిగింది. వేలు అలాగే గాల్లో ఉండిపోయింది. "ఈ ఇంట్లో ఎవరూ నాతో అలా అనలేదే" అంది అత్తగారు. ఆ వేలి వంక చూసుకుని, "మా అత్తగారు కూడా ఇలా వేలితోనే చూసేది. ఆవిడ పోయాక ఇక చూసేవాళ్ళు లేరనుకున్నాను. నేనే చూస్తున్నానన్నమాట" అంది. కొంగుతో వేలు తుడుచుకుంది. "ఆ గదిలో కుర్చీ ఉందా? నేను కింద కూర్చోలేను."

నెలాఖరున పెద్ద మేడమ్ తాళం వేసే మనిషిని వెంటబెట్టుకునే వచ్చింది. గుమ్మం ముందు చెప్పులు అడ్డంగా ఉండి ఆవిడకి అడుగుపెట్టడానికి చోటు దొరకలేదు. లోపల చాపలన్నీ పరిచి ఉన్నాయి. గోడ మీది 'పొరపాట్లు' ఎవరో తిప్పి అంటించారు, ఆ తెల్ల వైపు పిల్లలు రంగులతో ఏనుగులో కార్లో గీశారు. ఏడుపులు తెలిసిన ఆవిడ చుట్టూ కొత్త తల్లులు. ఇస్త్రీ ఆవిడ పాత దుప్పట్లని పసివాళ్ళకి చిన్న చిన్న పరుపులుగా మడిచి చూపిస్తోంది. కుర్చీలో కూర్చుని అత్తగారు పులి గొంతుతో గర్జిస్తోంది. నోళ్ళు తెరుచుకున్న పిల్లలకి వాళ్ళ తల్లులు చప్పుడు చేయకుండా అన్నం పెట్టేస్తున్నారు. తాళం మనిషి కూడా గుమ్మంలో నిలబడి పులి ఏమైందో వింటున్నాడు.

"వీళ్ళకి ఈ శిక్షణ ఎవరిచ్చారు?" అంది మేడమ్.

"ఎవరూ ఇవ్వలేదండి. ఇవన్నీ వాళ్ళ దగ్గర ముందునుంచీ ఉన్నాయి. మనం లేనివి మాత్రమే అడిగాం" అంది ఆమె.

మేడమ్ సంచీ కింద పెట్టి, కాసేపు అటూ ఇటూ చూసింది. ఆవిడ మొహంలో విసుగు ఒక్కో పొరా దిగిపోవడం ఆమెకి కనిపించింది. "ఈ గది బాధ్యత ఇక నువ్వే చూసుకోవాలి. మిగతా కేంద్రాలకీ వెళ్ళి నేర్పించాలి. చేయగలవా? నీకు వచ్చా ఇదంతా?"

నాకేం వచ్చండి. ఆ మాట అలవాటు ప్రకారం ఆమె పెదాల దాకా వచ్చేసింది. అప్పుడు వెనకనుంచి గొంతావిడ లేచింది.

"ఆమెను అడక్కండి మేడమ్. ఎవరి గురించి వాళ్ళని అడిగితే నిజం రాదు. ఆమె చెప్పిందే. మమ్మల్నడగండి."

ఇక గదిలో ఎవరూ ఆగలేదు. ఇస్త్రీ ఆవిడ మాట్లాడింది. తలుపు మొహాన వేసిన ఇంటావిడ కూడా, ఎప్పుడొచ్చి కూర్చుందో, మాట్లాడింది. అందరూ అయ్యాక అత్తగారు పులి గొంతు పక్కన పెట్టి, తన గొంతుతో అంది. "మా కోడలు మాట మధ్యలో తుంచదండి. చివరిదాకా వింటుంది. నేను ఇన్నేళ్ళు వేలితో చూపించిన లోపాలన్నీ ఓర్చుకుంది, పక్కింటావిడ చెప్పిన ఒక్క మంచిమాటా పరిగెత్తుకొచ్చి నాకు చెప్పింది. అలాంటి మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు."

ఆమెకి కళ్ళు నిండిపోయాయి, దాచుకోలేదు. ఇన్నేళ్ళూ పొయ్యి ముందు వంగిన మెడ నిటారుగా నిలబడింది. గర్వంగా ఉంది. గర్వం అంటే ఇలా ఉంటుందా, ఇంత తేలిగ్గా ఉంటుందా అనుకుంది. "చేయగలనండి" అంది. "బాగా చేస్తాను."

ఆ సాయంత్రం ఆమె వడ్డించి, పొయ్యి తుడవకుండా, తన కంచం కూడా పెట్టుకుని వాళ్ళతోపాటే కూర్చుంది. భర్త ఒకసారి కంచం వంకా, ఒకసారి ఆమె వంకా చూశాడు. గది బాధ్యత తనకి ఇచ్చారనీ, ఇక రోజూ ఆలస్యంగా వస్తాననీ, రాత్రి వంట ఇద్దరూ పంచుకోవాలనీ ఆమె చెప్పింది. అత్తగారు వంచిన తల ఎత్తకుండా తింటోంది, పెదాల చివర నవ్వు మాత్రం ఆపుకోలేకపోతోంది.

"నీకా?" అన్నాడు అతను. "నీకేం వచ్చని ఇచ్చారు?"

"పక్కింటివాళ్ళని అడగండి" అంది ఆమె.

అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కూరలో ఉప్పు తక్కువైంది. ఆమె వైపు చెయ్యి చాచాడు. ఆమె తింటోంది. ఉప్పు డబ్బా అతని చేతికి అందేంత దూరంలోనే ఉంది.