బలరాం భుజం మీద కమ్లీ

"కొండెనక వానొచ్చె, కోడెదూడ తడిసొచ్చె, తడిసొచ్చిన దూడకేమొ..."

ఆపైన మంగమ్మకు గుర్తు లేదు. చిన్నప్పుడు చెల్లెలు కమ్లీని చంకనేసుకొని పాడిన పాట. మిరప కల్లంలో రంగుపోయిన తాలుకాయలు ఏరుతూ ప్రతి ఏడూ అక్కడిదాకా పాడి ఆగిపోతుంది.

"అటెనక ఏందే?" అంది పక్కనే ఉన్న కమ్లీతో.

"నాకేమెరుక? నేను నిద్రపోతుంటి గదా."

కమ్లీకి ఇప్పటికీ తొమ్మిదేళ్లే. ఒంట్లో రక్తం నిలవక చనిపోయిన నాటి నుంచీ కల్లం పెట్టగానే వస్తుంది. "జరుగే పిల్లా, కాయలారబోసిన పట్టా ఈడ్వాలె" అని తండావాళ్లు కసురుకుంటారు కూడా. ఈ ఇంట్లోనే మళ్లీ పుట్టాలని కడుపు కోసం ఆగిందని పెద్దల మాట.

ఈసారి మంగమ్మ కొడుకు భీమ్లా తన బిడ్డ ప్రమీలను మేనల్లుడు బలరాంకు ఇస్తానన్నాడు. పున్నమికి తండా పెద్ద నాయక్ ముందు బెల్లం పంచుకొని తింటే మాట ఖాయమైనట్టే.

"కమ్లీ, నీకు అమ్మ దొరికిందే!" అని ఆడవాళ్లు నవ్వారు.

అప్పుడే ప్రమీల మణుగూరు కాలేజీ నుంచి వచ్చింది. పద్మప్రియ మేడం పాఠం చెప్పి, క్లాసందరికీ రక్తపరీక్ష చేయించిందట.

"నానమ్మా, నా రక్తంల తలసేమియా సగమున్నది. సగముంటే నాకేం కాదు. బావకు గూడ సగముంటే మాత్రం, పుట్టే పిల్లలకు మొత్తం రావొచ్చు. రక్తమెక్కిస్తనే బతుకుతరు."

మనవరాలి దగ్గరే అక్షరాలు దిద్దుకున్న మంగమ్మ, ఆమె పాఠం పుస్తకంలో ఆ మాట మీద వేలు పెట్టి కూడబలుక్కుంది. త... ల... సే... మి... యా.

"కమ్లీ, నీ రోగం పేరు ఇదేనటే."

కమ్లీ కూడా ఆ అక్షరాలను వేలితో తడిమింది.

భీమ్లా వినలేదు. "మన రక్తం మనకు తెల్వదా? టెస్టంటే పిల్లకు చెడ్డపేరొస్తది!"

బలరాం మరీను. "బస్తా ఒక్కణ్నే లారీ ఎక్కిస్త. నాకేం రోగం?"

కమ్లీ లేచి చేతులు చాచింది. "బలరామూ, ఎత్తుకో."

అందరికీ దూదిపింజెలా ఉండే పిల్ల అతని భుజమెక్కగానే మిరప బస్తా కంటే బరువైంది. దింపబోతే మెడ వదల్లేదు. ఇంటి దిక్కు నడిస్తే మోకాళ్లు వంగాయి. దవాఖానా దిక్కు తిరిగితే కాస్త తేలికైంది. ఏం చేస్తాడు, అటే నడిచాడు.

"పాపను దింపి చెయ్యి చాపు," అంది నర్సు. కమ్లీ తనే జారి దిగింది.

బలరాంకూ సగముంది.

నాయక్‌కు పంపిన బెల్లం తిరిగొచ్చి చాయ్‌లో పడింది.

"బావా, నీ పెళ్లిల నేనే ఆడుత," అంది ప్రమీల. "ముందుగాల్ల ఆ పిల్లకు టెస్ట్ చేయించు."

"అవ్, నీ మొగనికి గూడ చేయించు మరి!" అన్నాడు బలరాం.

భీమ్లా చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "గట్లయితే పరీక్ష చేయించే ఇంకో పిల్లగాణ్ని చూస్త. ఎండకాలంలనే పెళ్లి చేసేస్త."

ప్రమీల ముఖం వాడిపోయింది. ఇప్పుడే వద్దందామని మంగమ్మకున్నా, కడుపు కోసం ఇన్నేళ్లు ఆగిన చెల్లెలు ఎదురుగా ఉంది. మంగమ్మ కమ్లీ దిక్కే చూసింది.

కమ్లీ లంగాకు అంటిన మిరప గింజలు దులుపుకుంది. కల్లం దాటి అడవి దిక్కు నాలుగడుగులేసి వెనక్కి తిరిగింది. మంగమ్మ ఆ గొంతు వినడం అదే కడసారి.

"ప్రమీలను సదువుకోనియ్యి అక్కా. నాకేం తొందర లేదు."