అమ్ముడుపోని కలప

మేడిచెట్టు కూలింది. కొమ్మల నిండా కాయలే. కోతులన్నీ కీచుకీచుమంటూ పక్క చెట్లమీదికి దూకాయి. పిల్లను పొట్టకు కరుచుకున్న తల్లికోతి ఒకటి మాత్రం పడిన చెట్టు చుట్టూనే తిరిగింది. కాపలావాడు దానిమీదికి రాయి విసిరి పకపకా నవ్వాడు.

రంపం ఒక కొస పట్టుకున్న గయ్యాళికి నవ్వు రాలేదు. ప్రతిదానికీ ఎందుకని నిలదీస్తుందని కూలీలంతా ఆమెను అలాగే పిలిచేవారు, మొహంమీదే. ఆమె కూడా పలికేది.

"ఏమయ్యా మరిదీ, ఈ కర్ర ఎవడైనా కొంటాడా?"

రెండో కొస పట్టిన మరిది తల ఎత్తలేదు. "ఎవడు కొంటాడు వదినా? పొయ్యిలో పెడితే ఒకటే పొగ."

"మరి మిల్లు మేనేజరు ఎందుకు కోయిస్తున్నాడు?"

మరిది రంపానికి కిరసనాయిలు రాశాడు. మేడిపాలు అంటుకుంటే రంపం బిగుసుకుపోతుంది, తుడుస్తూ ఉండాలి. అయితే తుడిచిన రంపాన్నే వాడు మళ్లీ తుడుస్తున్నాడు. వీడి కడుపులో ఏదో ఉందనుకుంది గయ్యాళి.

ఊరికే అనుమానించే మనిషి కాదామె. గోరంత కలప వృథా అయితే కూలీ కోసే మేనేజరు, టేకు ఉండగా మేడిచెట్లమీద పడ్డాడు. అప్పటినుంచీ వాగు పక్కన కూలీలు వేసుకున్న దుంపల చేలను పందులు కుళ్లగించాయి. కోతులు గుడిసెల కప్పులు పీకాయి. ఎలుగుబంటి ఆమె మొగుడి భుజం చీల్చింది, మనిషి మంచం దిగలేకుండా ఉన్నాడు. "మీ మంచికే చెబుతున్నా, గుడిసెలు వదిలేసి మిల్లు షెడ్లలోకి వచ్చేయండి" అని మేనేజరు తియ్యతియ్యగా చెప్పాడు. ఖాళీ అయిన ఆ నేల ఎవరి పాలవుతుందో మాత్రం చెప్పలేదు. వాడెందుకు చెబుతాడు!

సెలవు రోజు వాగు ఒడ్డున అందరూ కూడారు. ముందు ఒకరినొకరు తిట్టుకున్నారు.

"నువ్వు తేనెపట్టు తెచ్చి చూరుకు కట్టబట్టే ఎలుగొచ్చింది!"

"మీ కుక్క కోతిపిల్లను కరవలేదా? అందుకే పగబట్టాయి!"

"షెడ్లలోకి పోదాం. ముందు ప్రాణాలు దక్కనివ్వండి."

"నోళ్లు మూయండి!" గయ్యాళి అరిచింది. "పోయినేడూ ఇదే ఎండ. అప్పుడు ఈ పందులు ఏం తిన్నాయి?"

మంత్రసాని నోరు విప్పింది. "మేడికాయలు. కోతులు సగం కొరికి సగం పారేస్తాయి కదా, ఆ పారేసిందే పందులకూ దుప్పులకూ తిండి."

"ఎలుగూ అక్కడికే వచ్చేది" అన్నాడు బండివాడు. "అడవంతా ఎండినా మేడి కాస్తుంది. ఆ పళ్లు తిన్న పిట్టలు రెట్ట వేసినచోటల్లా మళ్లీ మేడి మొలిచేది."

గయ్యాళి ఒళ్లు మండిపోయింది. "అయితే వాడు మనమీదికి రౌడీలను పంపలేదర్రా, ఆకలిగొన్న అడవిని తోలాడు. అదీ మన చేతుల్తోనే! కానీ జీపు దిగనివాడికి ఈ సంగతి ఎవడు చెప్పాడు?"

పక్కపక్కన కూర్చున్నవాళ్లు కొంచెం కొంచెంగా ఎడం జరిగారు. అన్నదమ్ములు కూడా ఒకరినొకరు అదోలా చూసుకున్నారు. మరిది లేచి నిలబడ్డాడు.

"నేనే. చలికాలంలో అడిగాడు, జంతువులు ఏ చెట్ల కింద మేస్తాయిరా అని. వేటకేమో అనుకుని దగ్గరుండి చూపించా. అన్న భుజం చూశాక అర్థమైంది. చెప్పడానికి నోరు రాలేదు వదినా."

ఆమె వాడి చెంప ఛెళ్లుమనిపించింది. "ఇది మీ అన్న తరఫున" అంటూ భోరున ఏడ్చింది. "ఇంకొక్క చెట్టు మిగిలింది. రేపు అక్కడ తేలుతుంది, నువ్వెవడి మనిషివో."

మర్నాడు ఆ ఆఖరి మేడిచెట్టు దగ్గర మేనేజరుతోపాటు పోలీసులు కూడా ఉన్నారు. సమావేశం సంగతి అప్పుడే ఎవరో మోసేశారు. గయ్యాళి మరిది వైపే చూసింది.

రంపం పెట్టి రెండుసార్లు లాగారు. తెల్లగా పాలు కారాయి. ఆమె పిడి వదిలేసింది.

"నేను కోయను. ఈ చెట్టు పడితే మా గుడిసెలు పడినట్టే."

మేనేజరు ఆమెను పట్టించుకోలేదు. మరిది భుజం తట్టాడు. "నువ్వు బుద్ధిమంతుడివిరా. వేరేవాణ్ని పిలుచుకో. రేపటినుంచి నువ్వే మేస్త్రీవి."

మరిది కిరసనాయిలు సీసా అందుకున్నాడు. అమ్ముడుపోయాడు, సొంత అన్న రక్తం చూసి కూడా అమ్ముడుపోయాడు!

వాడు మూత తీసి, సీసాడు కిరసనాయిలూ నేలమీద పారబోశాడు.

"నేనూ కోయను."

అవతల టేకు కోస్తున్నవాళ్లు అది చూశారు. ఒక్కొక్క రంపమే ఆగింది. ఆడా మగా వచ్చి మేడి మొదట్లో కూర్చున్నారు. పోలీసులు వదినా మరుదులను ఈడ్చుకెళ్లి జీపెక్కించారు. కాపలావాళ్లు జనాన్ని తోసుకుంటూ వెళ్లి రంపం పట్టారు. నాలుగు లాగులకే మేడిపాలకు రంపం చెట్టులో బిగుసుకుపోయింది. గుంజి గుంజి ఇద్దరూ వెల్లకిలా పడ్డారు.

"కిరసనాయిలు తెండిరా!" మేనేజరు గొంతు చించుకున్నాడు. అందరి దగ్గరా సీసాలున్నాయి. ఒక్కడూ కదల్లేదు.

జీపులో గయ్యాళి మరిది చెంపను చూసింది. "నొప్పిగా ఉందా?"

"లేదు వదినా."

"అబద్ధాలాడకు."

జీపు ముందు దారికి అడ్డంగా మంత్రసాని కూర్చుంది. ఆమె పక్కన బండివాడు కూర్చున్నాడు. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. జనం వచ్చి కూర్చుంటూనే ఉన్నారు.