కాటా గది కంప్యూటర్

కంప్యూటర్ చచ్చింది. ఆ పొద్దున దీన్ని మెత్తగా చెప్పే ఓపిక ఎవరికీ లేదు. నల్ల తెర మీద తెల్ల చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి, ఆగుతాయి, కంపెనీ బొమ్మ వస్తుంది, మళ్లీ తెర నల్లబడుతుంది. మళ్లీ చుక్కలు. జాయిస్ దాని ముందు నిలబడే ఉంది. కూర్చుంటే ఓడిపోయినట్టు ఒప్పుకున్నట్టవుతుందని కూర్చోలేదు.

జగ్గయ్యపేట దాటి చిల్లకల్లు వెళ్లే దారిలో ఒక జిన్నింగు మిల్లు. సీజనంతా దాని ఆవరణలోనే ప్రభుత్వ పత్తి కొనుగోలు కేంద్రం నడిచింది. ఇవాళే ఆఖరు. సాయంత్రం ఐదింటికి గేటు వేస్తే మళ్లీ వచ్చే ఏడాదే. లోపల ట్రాక్టర్లు బారు తీరి ఉన్నాయి. బండి కాటా మీదికి ఎక్కాలి, బరువు తీగ గుండా కంప్యూటర్‌లోకి రావాలి, కంప్యూటర్ చీటీ కొట్టాలి. చేత్తో రాస్తే చెల్లదు. బరువు మనం టైపు చేస్తామన్నా ఆ సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. దొంగ తూకాలు పడకుండా పైవాళ్లు పెట్టిన కట్టుబాటు అది. దొంగలు వేరే దారి చూసుకున్నారు, కట్టుబాటు మాత్రం కౌలు రైతు నెత్తిన మిగిలింది.

జాయిస్ ఆ కాటా గదిలో కాంట్రాక్టు ఆపరేటరు. ఊరు వత్సవాయి పక్క పేట. బారులో ఉన్న బళ్లలో ఎక్కువ ఆ పేటవే. పత్తి తీతలు మొదలైన రోజుల్లో వ్యాపారి నరేంద్ర కారేసుకుని పేటకొచ్చాడు. కౌలుదారులకి కార్డులు లేవు, కేంద్రంలో మీ పత్తి ముట్టుకోరు, నాకే పోయండి అన్నాడు. చర్చి మెట్ల మీద నిలబడి జాయిస్ అరిచింది. "ఒక్క బోరా కూడా వాడికి పొయ్యొద్దు. కార్డులు నేను రాయిస్తా. కేంద్రానికే తోలుదాం." రాయించింది. ఊరికే రాయలేదు ఆఫీసువాళ్లు. పేట ఆడవాళ్లని బస్సెక్కించుకుపోయి నందిగామలో ఆర్డీవో ఆఫీసు ముందు ఎండలో కూర్చుంటే రాశారు. కార్డులు చేతికొచ్చేసరికి సీజను చివరికొచ్చింది. ఇప్పుడు ఆమె మాట నమ్మి ఆగినవాళ్ల పత్తంతా ఈ నల్ల తెర ముందు ఆగింది. ఇవాళ తూకం పడకపోతే బళ్లు నేరుగా నరేంద్ర గోడౌనుకి పోతాయి, వాడు చెప్పిన రేటుకి. ఆ తర్వాత జాయిస్ ఏ మెట్ల మీద నిలబడి అరిచినా వినేవాడుండడు.

కిటికీ ఊచల్లోకి బాలస్వామి ముఖం వచ్చింది. జాయిస్‌కి పెదనాన్న వరస.

"ఏంటే, ఇంకా లేవలేదా నీ పెట్టె?"

"లేపుతున్నా పెదనాన్నా."

"పొద్దున్నుంచి లేపుతానే ఉన్నావు. నరేంద్రకి అమ్ముకున్నోళ్లు హాయిగా ఇంట్లో పడుకున్నారు."

"ఆ రేటుకి అమ్ముకుని ఎట్టా నిద్రపట్టిందో!"

"నీకు నోరుంది, పెట్టెకి లేదు. అదీ మన కర్మ."

గది మూలన కేంద్రం అధికారి హరిచరణ్ ఫోన్ చూసుకుంటున్నాడు. విజయవాడ నుంచి వచ్చిపోతుంటాడు. చెడ్డవాడు కాదు. ఏ పనీ తన మీదికి రాకుండా చూసుకునే మంచివాడు. చెడ్డవాడితో అయితే తిన్నగా పోట్లాడొచ్చు.

"పైకి మెయిల్ పెట్టానమ్మా. టెక్నీషియన్ రేపొస్తాడు."

"రేపు కేంద్రమే ఉండదు కద సార్."

"నా బాధ కూడా అదే."

"మీ బాధకి జీతం వస్తది సార్. మావాళ్ల బాధకి రాదు."

జాయిస్ నందిగామకి ఫోన్ కొట్టింది. అక్కడ కంప్యూటర్ల షాపు పెట్టుకున్న చైతన్య డిగ్రీలో ఆమె క్లాస్‌మేట్. సంగతంతా విని ఒక్కటే అడిగాడు.

"అప్‌డేట్ ఏమన్నా నొక్కావా జాయిసూ?"

నొక్కింది. సీజనంతా ఆ కంప్యూటర్ అప్‌డేట్ చెయ్యమని అడుగుతూనే ఉంది, బళ్లు ఆగిపోతాయని ఆమె తర్వాత, తర్వాత అంటూ తోసేస్తూనే ఉంది. నిన్న సాయంత్రం ఆఖరి బండి పోయాక, పోన్లే పాపం అని, అప్‌డేట్ చేసి ఆగిపోమని బటన్ నొక్కి బస్సుకి పరిగెత్తింది.

"నొక్కా."

"మధ్యలో కరెంటు పోయిందా?"

వాచ్‌మన్ బ్రహ్మయ్య గుమ్మం దగ్గరే ఉన్నాడు. ఫోన్ స్పీకర్‌లో వింటున్నాడు. తనే చెప్పాడు.

"పోలేదమ్మా. నేనే ఫీజులు పీకా."

పత్తి మిల్లుల్లో అది ఆచారం కన్నా గట్టిది. ఏ తీగ దగ్గరో ఒక్క రవ్వ లేస్తే చాలు, కొండలా పోసిన పత్తి తెల్లారేసరికి బూడిద. అందుకే గేటు మూసే ముందు మెయిన్ బోర్డు దగ్గర ఫీజులన్నీ పీకి, దిండు కింద పెట్టుకుని పడుకుంటాడు వాచ్‌మన్. యూపీఎస్ అని ఒకటుంది కానీ దాని బ్యాటరీ ఎప్పుడో ఉబ్బి పోయింది. బల్ల కింద కాళ్లు ఆనించుకోవడానికి పనికొస్తోంది.

"పీకేటప్పుడు ఇది వెలుగుతోందా బాబాయ్?" అంది జాయిస్.

"వెలుగుతోంది. చుక్కలు తిరుగుతున్నాయి. ఇంగిలీషులో ఏదో బతిమాలుతోంది. నేను పత్తిని కాపాడాలా, దాని మాట వినాలా?"

"ఆపొద్దని బతిమాలింది బాబాయ్."

హరిచరణ్‌కి ప్రాణం లేచొచ్చింది. ఎవరి మీదన్నా పెట్టడానికి ఒక తప్పు దొరికింది. "బ్రహ్మయ్యా, నీ మీద రిపోర్టు రాయాల్సి వస్తుందయ్యా."

"రాయకండి సార్," అంది జాయిస్. "ఆయన ఫీజులు పీకబట్టే సీజనంతా ఇక్కడ పత్తి మిగిలింది. బటన్ నొక్కి బస్సుకి పోయింది నేను. నా మీద రాసుకోండి, సాయంత్రం తీరిగ్గా. ఇప్పుడు కొంచెం జరగండి."

"అప్‌డేట్ సగంలో తెగిందన్నమాట," ఫోన్‌లో చైతన్య. "ఇక ఫార్మాటే. సీపీయూ ఆటోలో వేసుకుని నందిగామ వచ్చెయ్."

"ఫార్మాట్ కొడితే కాటా సాఫ్ట్‌వేర్?"

"పోద్ది. కంపెనీవాళ్లొచ్చి మళ్లీ ఎక్కించాలి."

అప్పుడే గేట్లోంచి నరేంద్ర కారు వచ్చింది. కబురు ఎలా అందిందో అందింది. చెట్టుకింద ఆపి, అద్దం దించి, బారునంతా పెళ్లి పందిరిలా చూసుకుంటున్నాడు. జాయిస్‌కి తెలిసింది. ఈ పెట్టె గేటు దాటితే వెనకాలే బళ్లూ దాటుతాయి. వాటిని వెనక్కి తిప్పగలిగేవాడెవడూ లేడు.

"ఒరేయ్ చైతన్యా, పెట్టె ఇక్కణ్ణించి కదలదు. ఫార్మాట్ కాకుండా ఇంకేముందో చెప్పు."

"ఉందిలే గానీ, గ్యారంటీ లేదు. టైం తింటది."

"తిననీ. చెప్పు."

చెప్పాడు. ఆన్ చెయ్, బొమ్మ రాగానే బటన్ నొక్కిపట్టి ఆపెయ్. మళ్లీ అలాగే. రెండు మూడుసార్లు అలా చస్తే దానికే అనుమానం వచ్చి రిపేరు పేజీ తెరుస్తుంది అన్నాడు. జాయిస్ ఆన్ చేసింది, ఆపింది. ఆన్ చేసింది, ఆపింది. కిటికీ దగ్గర నిలబడ్డ దేవమణి, పేట మనిషే, కెవ్వుమంది.

"ఒక్కసారి ఆపితేనే చచ్చిందంటివి, మళ్లీ మళ్లీ ఆపుతావేంటే తల్లీ!"

"భయపెడుతున్నా పిన్నీ. మంచిగా చెప్తే వినట్లా."

భయపడింది. తెర నల్లదనం పోయి నీలంగా వెలిగింది. రిపేరు పేజీ. మొదట తనంతట తనే బాగుచేసుకునే బటన్ నొక్కింది. చాలాసేపు ఆలోచించి నా వల్ల కాదు అంది కంప్యూటర్. పాత స్థితికి తీసుకుపోయే బటన్ నొక్కింది. పాతది ఏదీ దాచుకోలేదు అంది. మిగిలింది అప్‌డేట్ తీసేసే బటన్. అందులోనూ రెండు. నెలనెలా వచ్చే చిన్నదా, ఎప్పుడో వచ్చే పెద్దదా?

"ఏది పీకాలిరా?"

"నిన్న ఏది పడిందో అది. షాపులో జనం ఉన్నారు, మళ్లీ ఫోన్ చెయ్యి," అని పెట్టేశాడు.

తప్పుది పీకితే ఏమవుతుందో జాయిస్‌కి తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు. ఆమె ఆలోచించింది. సీజనంతా తను తర్వాత అని తోసింది నెలనెలా అడుగుతుండేదాన్నే. పెద్దదైతే అడిగేటప్పుడే చాంతాడంత చెప్పేది. చిన్నదే. నొక్కింది. చక్రం తిరగడం మొదలైంది.

బయట నరేంద్ర కారు దిగాడు. "ఎండలో ఎందుకయ్యా మాడటం? ఇప్పుడొస్తే ఈ రేటు. సాయంత్రం వస్తే ఇదీ ఉండదు. ఆ అమ్మాయి మంచిదే, కానీ కంప్యూటర్ చర్చి మెట్లు కాదుగా, అరిస్తే వినడానికి."

ఒక ట్రాక్టరు ఇంజను స్టార్టయింది. సుబ్బరాయుడిది. దాని వెనక ఇంకోటి. జాయిస్ కిటికీ దగ్గరికి ఉరికింది.

"సుబ్బరాయుడన్నా! ఇంజనాపు!"

"ఎంతసేపమ్మా? బండి కిరాయి పెరుగుతోంది."

జాయిస్ జవాబు చెప్పేలోపు దేవమణి వెళ్లి గేటుకి అడ్డంగా పట్టా పరిచి కూర్చుంది. పక్కనే ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్లు చేరారు. నందిగామలో కూర్చున్నవాళ్లే. కూర్చోవడం వాళ్లకి బాగా వచ్చు.

"పో అన్నా, పోదువుగాని," అంది దేవమణి. "మా మీదుగా పో. పత్తి ఎర్రగా ఉంటే నరేంద్ర గారు ఇంకా తగ్గిస్తారు, చూసుకో మరి."

సుబ్బరాయుడు నవ్వలేక నవ్వి ఇంజనాపాడు.

గదిలో చక్రం ఆగింది. తెర నల్లబడింది. బొమ్మ వచ్చింది. మళ్లీ నల్లబడింది. అప్పుడు వచ్చింది, నీలాకాశం, పచ్చగడ్డి, ఐకాన్లు, మధ్యలో కాటా సాఫ్ట్‌వేర్ గుర్తు. బ్రహ్మయ్య పెద్దగా కేకేశాడు. బారంతా కేకేసింది.

మొదటి బండిని పిలిచే ముందు జాయిస్ సాఫ్ట్‌వేర్ తెరిచి చూసింది. బరువు గడిలో సున్నా. కాటా ఖాళీగా ఉంది కాబట్టి సున్నాయేనా, లేక చచ్చిన సున్నానా?

అది తేల్చిపెట్టింది నరేంద్రే. కేకలు విని మండిపోయాడో, ఎగతాళి చేద్దామనుకున్నాడో, కారు తీసుకొచ్చి కాటా మధ్యలో నిలబెట్టాడు. కాటా పనిచేస్తే కదా తియ్యమనేది, అని అద్దంలోంచి అన్నాడు. గోడకున్న కాటా డబ్బాలో ఎర్రంకెలు గబగబా ఎగబాకాయి. కంప్యూటర్‌లో మాత్రం సున్నా కదల్లేదు.

హరిచరణ్ నిట్టూర్చాడు. "చూశావా అమ్మా, నేను ముందే..."

"ఆగండి సార్. డబ్బాకి తెలిసింది, కంప్యూటర్‌కి తెలియలేదు. అంటే చెడింది కాటా కాదు, మధ్యలోదే."

తీగ ఊడదీసి పెట్టింది. సున్నా. వేరే బెజ్జంలో పెట్టింది. సున్నా. కంప్యూటర్‌కి తగిలించినవాటి పట్టీ తెరిస్తే ఆ తీగ పేరు పక్కన పసుపుపచ్చ గుర్తు. మళ్లీ నందిగామకి ఫోన్.

"ఒరేయ్, లేచింది. లేచి బరువు చూడనంటోంది. పసుపు గుర్తు."

"లేచిందా!" చైతన్య గొంతు మారిపోయింది. షాపులో జనాన్ని ఆగమన్నాడు. "ఆ తీగ పాతదే, దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మాత్రం నిన్న పడ్డ కొత్తదే మిగిలింది. కొత్తదానికి పాత తీగంటే గిట్టదు. దాని మీద నొక్కి, నేనే ఎంచుకుంటా అని చెప్పు. పాత తేదీది ఉంటది చూడు."

ఉంది. రెండు పేర్లు ఒక్కలాగే ఉన్నాయి, తేదీలే తేడా. పాతది నొక్కింది. పసుపు గుర్తు మాయమైంది. బరువు గడిలో సున్నా ఒక్కసారి వణికి, అంకెలైపోయింది. గోడ డబ్బాలో ఏదుందో తెర మీదా అదే.

జాయిస్ కిటికీ ఊచలు పట్టుకుని అరిచింది. మిల్లు వెనక పనిచేసే హమాలీలకి కూడా వినపడింది.

"నరేంద్ర గారూ! కారుతో కలిపి పదిహేడు క్వింటాళ్లున్నారు! తేమ కూడా చూడమంటారా?"

ఆవరణంతా గొల్లున నవ్వింది. బాలస్వామి పగలబడి నవ్వుతూ ట్రాక్టరు చక్రం పట్టుకున్నాడు. పత్తి కొనేముందు తేమ చూసి రేటు కోసేది నరేంద్రే, ఇన్నేళ్లూ వాళ్ల పత్తికి ఎన్ని వంకలు పెట్టాడో అందరికీ గుర్తే.

"మేం కొనేది పత్తేనండీ, కార్లు కాదు. దించండి. బళ్లెక్కాలి."

కారు వెనక్కి పోయింది. గేటు దగ్గర దేవమణి వాళ్లు పట్టా తీసి మర్యాదగా దారిచ్చారు. "వెళ్లొస్తారా అండీ? మంచిదండీ," అని కూడా అన్నారు.

బళ్లు ఎక్కడం మొదలైంది. బరువు, చీటీ, సంతకం, దిగు. బరువు, చీటీ, సంతకం, దిగు. ఐదు దగ్గర పడుతుంటే హరిచరణ్ పెన్ను మూత పెట్టబోయాడు.

"టైం అయిందమ్మా. మిగతావి..."

"గేటు లోపలున్న బండి ప్రతిదీ ఇవాళ్టిదే సార్. కంప్యూటర్ లేవలేదని పొద్దున్నుంచీ రైతులు ఆగారు. ఇప్పుడు మీరూ ఆగుతారు."

హరిచరణ్ కిటికీ బయటికి చూశాడు. గేటు దగ్గరనుంచి లేచిన ఆడవాళ్లు ఇప్పుడు కాటా గది ముందుకొచ్చి నిలబడ్డారు. ఇంకా కూర్చోలేదు. ఆయన పెన్ను మూత మళ్లీ తీశాడు.

బాలస్వామి బండి తూకం పడింది. చీటీ తీసుకుని, అంకెలు రెండుసార్లు చదివించుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. పొద్దున్నుంచీ అన్న మాటలకి ఒక్క ముక్కన్నా చెప్తాడేమోనని జాయిస్ చూసింది.

"ఏంటే చూస్తావు? వెనక బళ్లు ఆగినయ్."

"నువ్వు జరిగితే కద పెదనాన్నా!"

"జరుగుతాలే. వచ్చే ఏడు కౌలు కార్డులకి నందిగామ ఎప్పుడు పోవాలో ముందే చెప్పు. ఈసారి మగాళ్లం కూడా వస్తాం."

చెప్తానని జాయిస్ తలూపింది. ఊచలకి ముఖం ఆనించి అరిచింది.

"తర్వాతి బండీ!"