రెండో పేరు

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకి డయానా ఆటోనగర్‌లోని తండ్రి లేతు షెడ్డుకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. పనిరోజున కూతురు ఇలా వచ్చిందంటే ఏదో ఉందనుకుని ఏసుపాదం మిషను ఆపేశాడు.

డయానా యూనివర్సిటీలో ఫిజిక్స్ చెబుతుంది. నీళ్ళలో ఉప్పెంతుందో పసిగట్టే పలచటి లోహపు పొర మీద ఆరేళ్ళుగా పరిశోధన చేస్తోంది. ఆ పొర తయారయ్యే స్టీలు డబ్బా ఏసుపాదం చేసిచ్చిందే.

"ఈ ఏటి సైన్సు అవార్డుకి మా హెడ్ గారు పవన్‌కుమార్ పేరు పంపుతున్నారు నాన్నా. ఇవాళ ఐదింటితో ఆఖరు."

"నీ దగ్గర పని నేర్చుకున్నాడే, అతనా?"

"ఆఁ. వెళ్ళి అడిగాడంట. ఇద్దరి పేర్లు పంపొచ్చు. నా పేరెవరూ అనుకోలేదు."

"మరి నువ్వడగవేం?"

"అడిగి పుచ్చుకునేది ఘనత కాదని నేర్పింది మీరేగా!"

ఫోన్లో పాత విజేతల ఫొటోలు చూపించింది. పద్దెనిమిది మంది. ఒక్క ఆడమనిషి లేదు.

"వీళ్ళంతా అడిగే తెచ్చుకున్నారంటావా?"

"కొందరు అడిగారు. కొందరికోసం ఇంకొకరు అడిగారు."

ఏసుపాదానికి కొడుకు సంగతి గుర్తొచ్చింది. డేనియల్‌కి రైల్వే ఉద్యోగం వచ్చినప్పుడు, చర్చిలో లేచి దేవుడు చేసిన మేలు అందరికీ సాక్ష్యంగా చెప్పమని కొడుకుని భుజం తట్టి లేపింది తనే. డయానాకి డాక్టరేట్ వచ్చిన ఆదివారం మాత్రం, 'కూర్చో తల్లీ, గర్వం అనుకుంటారు' అన్నాడు. అది దేవుడికి భయపడి అన్న మాటా, మనుషులకు భయపడి అన్న మాటా? ఇన్నాళ్ళూ ఆలోచించనే లేదు.

"అమ్మాయ్, వినయం నీ ఒక్కదానికే నేర్పాను. డేనియల్‌కి నేర్పలేదు. తప్పు నాది. మీ హెడ్ గారికి ఫోన్ చెయ్యి."

"ఇప్పుడా? ఏమనుకుంటారో!"

"అనుకోనీ. గంటన్నర ఉందింకా."

డయానా ఫోన్ కలిపింది. హెడ్ గారి గొంతు బయటికే వినబడింది.

"అయ్యో, మీకు ఇంట్రెస్ట్ ఉందని తెలీదమ్మా! మీరెప్పుడూ అనలేదే?"

"ఇప్పుడు అంటున్నాను సార్. రెండో పేరు నాది పంపండి."

"పంపుతాలే. కాకపోతే పవన్‌కుమార్ ఫీలవుతాడేమో."

"ఫీలవనివ్వండి సార్. ల్యాబులో ఆ పొర తయారుచెయ్యటం అతనికి నేర్పింది నేనే. కాగితాలు అరగంటలో మీకు మెయిల్ చేస్తాను."

ఫోన్ పెట్టి ఆమె సంచీలోంచి లాప్‌టాప్ తీసింది. ఏసుపాదం బల్ల మీది బోల్టులు పక్కకి నెట్టి, ఆమె లాప్‌టాప్‌కి చోటు చేశాడు.