గెన్‌కిచి, మరొకరు

గెన్‌కిచి వీపు రుద్దడం షిగెనోకి రోజూ ఉండే పనే. గని కార్మికుల స్నానాలగది దాకా నడిచే ఓపిక అతనికి లేకుండా పోయి రెండేళ్లయింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక వేన్నీళ్లు కాచి, వంటింటి గడప దగ్గర ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి తోముతుంది. ఎంత తోమినా పోని నీలం మచ్చలు ఆ వీపు నిండా ఉన్నాయి. గాయంలో బొగ్గుపొడి పడి, దాని మీదే చర్మం మూసుకుపోతే, ఆ మచ్చ ఇక మనిషితోనే పోవాలి. ఎవరైనా పలకరించడానికొస్తే గెన్‌కిచి చొక్కా జార్చి మరీ చూపిస్తాడు, ఇది కప్పు కూలినప్పటిది, ఇది నీళ్లు ముంచెత్తినప్పటిది అని. మగవాడి వీపు మరి. చూపించుకోవచ్చు.

షిగెనో వీపు మీదా ఉన్నాయి, మెడ కింది నుంచి వెన్నుపూస పొడవునా వరసగా. అవి ఎవరికీ తెలియవు. ఆడవాళ్ల స్నానాలగదికి అందరూ వెళ్లొచ్చాక వెళ్లి, గోడకి వీపు ఆనించి కూర్చుని, చల్లారిపోయిన నీళ్లు పోసుకుని వస్తుంది.

యుద్ధానికి ముందు రెండో నంబరు గనిలోకి జంటలుగా దిగేవాళ్లు. పలుగు పట్టి బొగ్గు తవ్వేవాడు ముందు మనిషి. తవ్విన బొగ్గుని బుట్టకెత్తి, బుట్టకి కట్టిన తాడు భుజాన వేసుకుని, తలెత్తడానికి వీల్లేని సొరంగంలో నాలుగు కాళ్ల జంతువులా ఈడ్చుకెళ్లేది వెనక మనిషి. లోపలి ఉక్కకి ఒంటి మీద మొలగుడ్డ తప్ప ఏదీ నిలిచేది కాదు. షిగెనోకి పదిహేడో ఏట పెళ్లయింది, పెళ్లయిన తొమ్మిదో రోజున గెన్‌కిచి వెనక దిగింది. పదకొండేళ్లు ఈడ్చింది. పైకొచ్చాక గెన్‌కిచి తిన్నగా స్నానానికి, అట్నుంచి సారాయికి పోయేవాడు. ఆమె తిన్నగా పొయ్యి దగ్గరికి పోయేది. "వాడు పాతాళంలో కష్టపడి వచ్చాడు, ముందు వాడికి పెట్టవే," అనేది అత్తగారు. కోడలు ఏ పుట్టింటి నుంచో వచ్చినట్టు. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు ఏడో నెలలో, బుట్ట ఈడుస్తూ ఉండగానే నొప్పులొచ్చాయి. పైకి తెచ్చేసరికి పాప లేదు. నాలుగో రోజుకి మళ్లీ దిగింది, వెనక మనిషి రాకపోతే ముందు మనిషి కష్టం లోపలే ఉండిపోతుంది కాబట్టి. ఆ పాప కోసం తాను ఏడవనే లేదన్న సంగతి షిగెనోకి ఈ మధ్యనే, అంటే దగ్గు మొదలయ్యాక, గుర్తొచ్చింది. ఇప్పుడు ఏడిస్తే దగ్గు తెర వస్తోంది.

తర్వాత ఆడవాళ్లు గనిలోకి దిగకూడదని చట్టం వచ్చింది. ఇప్పుడు కంపెనీవాళ్లు గని ఇల్లాళ్లని కూర్చోబెట్టి ఇల్లు పొందిగ్గా సర్దుకోవడం, భర్త డ్యూటీ నుంచి వస్తే నవ్వుతూ ఎదురెళ్లడం నేర్పిస్తున్నారు. షిగెనో కూడా వెళ్లి ముందు వరసలో కూర్చుంది. "మగవాడి అలసట మనకెలా తెలుస్తుందండీ," అంది పాఠం చెప్పే ఆవిడ. షిగెనో తల ఊపింది.

గెన్‌కిచిది దుమ్ముజబ్బు అని ఆసుపత్రిలో ఊపిరితిత్తుల ఫోటో తీసి తేల్చారు. అతనికి మందులు వస్తున్నాయి, రోజూ పాలు వస్తున్నాయి. షిగెనో ఉమ్మే కఫంలోనూ అతనిలాగే నలుపు. డాక్టరు కనీసం ఫోటో తియ్యలేదు. కాగితం మీద "వృత్తి: ఏమీ లేదు" అని ఉంది మరి. చలిగాలికి తిరగొద్దన్నాడు.

కిందటి నెలలో ఆమె ఎవరికీ చెప్పకుండా కంపెనీ ఆఫీసుకి వెళ్లింది. గుమస్తా ఒగాతా ఈ గని కార్మికుల వరసిళ్లలోనే పుట్టి పెరిగినవాడు, పాత కూలి పుస్తకాలు ఓపిగ్గా తిరగేశాడు. ఏ పేజీ చూసినా ఒకటే రాత. గెన్‌కిచి, మరొకరు. గెన్‌కిచి, మరొకరు. పదకొండేళ్ల పొడవునా అంతే. "ఆ మరొకరు ఎవరో ముందు మనిషి ఒక్క మాట చెబితే చాలు పిన్నీ, నీకూ ఫోటో తీయిస్తాను," అన్నాడు.

ఆ ఒక్క మాట గెన్‌కిచి చెప్పనన్నాడు. కొడుక్కి బట్టల కొట్టువాళ్ల పిల్లతో సంబంధం ఖాయమయ్యేలా ఉంది. మా ఇంటి ఆడది గడప దాటి ఎరగదని పెళ్లిళ్ల పేరమ్మకి తనే చెప్పుకున్నాడు. "మొలగుడ్డతో నిన్ను గోతిలోకి దింపానని ఊరంతా చాటించమంటావా? నీకేమే, ఇంటిపట్టున ఉండేదానివి. తగ్గిపోతుందిలే." ఆ మాట అంటూ అతను దగ్గాడు. ఆమే వీపు నిమిరింది.

ఇవాళ ఒగాతా దుమ్ముజబ్బు పరీక్షకి పంపాల్సినవాళ్ల పేర్ల జాబితాతో ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చాడు. సాయంత్రానికి జాబితా పై ఆఫీసుకి వెళ్లిపోతుందట. గెన్‌కిచి ఇంకా ముక్కాలిపీట మీదే, తడి వీపుతో ఉన్నాడు. ఒగాతా గడప మీద కూర్చుని కలం తీశాడు.

"బాబాయ్, ఈ ఇంట్లో గనిలోకి దిగినవాళ్లు నువ్వు కాక ఇంకెవరైనా ఉన్నారా?"

అడుగుతున్నది గెన్‌కిచిని, చూస్తున్నది షిగెనోని. ఆమె చేతిలో గుడ్డ ఆగింది. చెబుతాడేమో అనుకుంది. నిజంగానే అనుకుంది, ఇరవై తొమ్మిదేళ్ల కాపురం కదా.

"ఎవరూ లేరు," అన్నాడు గెన్‌కిచి. తల తిప్పలేదు.

షిగెనో గుడ్డ పిండి, దులిపి, తీగ మీద ఆరేసింది. కొడుకు గుర్తొచ్చాడు, సంబంధం గుర్తొచ్చింది. అయినా వచ్చి మొగుడి పక్కన, గుమస్తాకి వీపు పెట్టి నేల మీద కూర్చుంది. కాలరు వదులు చేసి భుజాల మీది నుంచి బట్ట జార్చింది. వెన్ను పొడవునా నీలం మచ్చలు బయటపడ్డాయి. పక్కన గెన్‌కిచి ఊపిరి బరబరమంటోంది.

"రాసుకో నాయనా," అంది. "ఆ మరొకరు చచ్చిపోలేదు. దగ్గుతోంది."