మా అత్త సెప్పిన ప్రార్థన మనవి

మా అత్త దీవెనమ్మ మంచిదే, కాదన్ను. నోరే ఆగదు. ఆ ఆదివారం చర్చిలో ఆవిడ లేచి నిలబడేసరికి కొంగు పట్టుకు లాగేను, కూకోనేదు.

ఓట్ల లెక్కింపు అయిపోయింది. ఢిల్లీలో ఎవరికీ మెజారిటీ రానేదు. పార్టీలన్నీ కలిస్తేగాని గవర్నమెంటు నిలబడదంట. మా ఆయన స్టాన్లీ డ్రైవరుగా సేసే ఎంపీ ఇండిపెండెంటుగా గెలిచేడు. రెండు కూటములోళ్ళూ ఆయన కోసం ఎగబడ్డారు. ఓ కూటమోళ్ళు ముందే పట్టుకుపోయి ఎక్కడో దాచేసేరు. కారుతో పాటు మా ఆయన్నీ తీసుకుపోయి, సెల్లు లాగేసుకున్నారు. క్యాంపంటారు గాని, అది జైలే.

శనివారం ఎలాగో కాయిన్ బాక్సు నుంచి ఇంటికి ఫోన్ సేసేడు. అత్తే ఎత్తింది. "రాంబిల్లి కాడ గెస్ట్ హౌస్‌లో ఉన్నామమ్మా. ఎవరికీ సెప్పకు, తెలిస్తే నన్ను సంపేత్తారు" అన్నాడంట.

మా చర్చిలో పాటలయ్యేక ఎవరి మనవి ఆళ్ళు లేచి సెప్పుకుంటారు, అందరూ ప్రార్థన సేత్తారు. అత్త లేచింది. "నా కొడుకు కోసం ప్రార్థన సెయ్యండయ్యా. రాంబిల్లి గెస్ట్ హౌస్‌లో ఎంపీ గారితో పాటు పెట్టి తాళమేసేరు. ఎవరికీ సెప్పొద్దన్నాడు, మీరూ సెప్పకండి."

ఓలమ్మ! చర్చి నిండా జనం!

పాస్టరు గారు కళ్ళు మూసుకోమన్నారు. నాకు మూతపడితే కదా! ఎనక బెంచీలో రూఫస్ మెల్లిగా లేచి బయటికెళ్ళేడు. రెండో కూటమి లీడరు ఎంట తిరిగేది ఆడే. బయట బండి స్టార్ట్ సేసిన సప్పుడు ఇనిపించింది. ప్రభువా, అయిపోయేం అనుకున్నాను.

ఇంటికొచ్చి అత్త మీద ఇరుచుకుపడ్డాను. "నీ నోరు కుట్టెయ్యాల! దేవుడికి అడ్రస్సు కూడా సెప్పాలా?"

"ఎక్కడున్నాడో సెప్పకపోతే ఎలాగే తబితా?" అని ఏడుపందుకుంది.

సాయంత్రం టీవీలో మా ఎంపీ రెండో కూటమోళ్ళ మధ్య నవ్వుతూ కనిపించేడు. మద్దతు ఇచ్చేసేడంట, గవర్నమెంటు ఖాయమంట. వీధిలో టపాకాయలు కాల్చేరు. మా ఆయన జాడ మాత్రం నేదు. ప్రతి సప్పుడికీ గుమ్మంలోకి పరిగెట్టేను.

లైట్లేసే ఏళకి ఆటోలోంచి దిగేడు. మూతి వాసిపోయింది, సొక్కా నిండా రక్తం. అత్త వేణ్నీళ్ళు పెట్టడానికి వంటింట్లోకి పరిగెట్టింది. ఆయన నా సెయ్యి పట్టుకున్నాడు.

"ఎంపీ సెయ్యి జారిపోయేడని క్యాంపోళ్ళు నన్ను బెల్టుతో కొట్టేరు. ఎవరికి సెప్పేవని అడిగేరు. ఇంటికి ఫోన్ సేసేనని ఒప్పేసుకున్నాను."

"అత్త పేరు సెప్పేసేవేటి, మావా?"

"అమ్మని బతకనిత్తారా? నీ పేరు సెప్పేను."

వంటింట్లో అత్త దేవుడికి స్తోత్రాలు సెప్పుకుంటంది.

"లే తబితా, మీ అన్న ఇంటికి కోటవురట్ల ఎల్లిపోదాం" అన్నాడు. పెరటి తలుపు గడియ తీసేను. వీధిలో జీపు ఆగింది. ఎవడో మగోడు గుమ్మంలోంచి నా పేరు పెట్టి పిలిచేడు.