నాలుగో గేరులో కబుర్లు

"ఒసే ఫెబా, పిల్లకి కామెర్లు తగ్గిపోయాయట. రేపు ఇంటికి తీసుకెళ్ళిపోవచ్చంది డాక్టరమ్మ."

పాడేరు ఆసుపత్రి నుంచి మా అక్క ఎవాంజలిన్ ఫోను. పక్కన ఆరు రోజుల కూతురు. ఇక్కడ విశాఖలో నేను చపాతీ పిండి చేతులతోనే వంటగదంతా గిర్రున తిరిగాను.

"మాటిచ్చావు. నా పిల్ల మొదట ఎక్కేది మీ కారే. మర్చిపోయావేటి?"

"నాను మర్చిపోతానా?"

ఫోను పెట్టాక కాలు నిలవలేదు. పాత నూలు చీర ముక్కలు మడతపెట్టాను, విప్పాను, మళ్ళీ మడతపెట్టాను. మా కారు పది రోజులుగా మొరాయిస్తోందని అక్కకి చెప్పలేదు. పెళ్ళయిన వారానికే కొన్న పాత కారు. ఎత్తు ఎక్కేటప్పుడు గాజు సీసాలో గోలీలు ఆడించినట్టు టకటకమంటోంది. వీధి చివరి మెకానిక్ సంగతి విని, బానెట్ కూడా ఎత్తకుండా, "ఇంజన్ దింపాలి, వారం పడతాది" అన్నాడు. ఆ చప్పుడుతో పసిదాన్ని పాడేరు ఘాట్ రోడ్డులో విశాఖకి ఎలా దింపడం?

మా ఆయన రోషన్ ఎక్స్-రే టెక్నీషియన్. మనుషుల లోపల ఏముందో చెప్పగలడు కానీ బానెట్ ఎత్తితే బిక్కమొహం వేస్తాడు. మధ్యాహ్నానికి సెలవు పెట్టి వచ్చాడు. ఇద్దరం హనుమంతవాక దగ్గర సన్యాసిరాజుగారి మెకానిక్ షెడ్డుకి వెళ్ళాం.

ఆయన అరవై దాటిన మనిషి. ఆయిలు పుల్ల తీసి చూశారు. న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కమన్నారు. ఇంజన్ బుసకొట్టింది గానీ టకటక లేదు. ఆయన వెనక సీట్లో కూర్చున్నారు.

"పద బాబూ. రోజూ ఎలా తోల్తావో అలాగే తోలు."

కైలాసగిరి ఎత్తు మొదలయింది. రోషన్ నాలుగో గేరులోనే ఉన్నాడు. వేగం పడిపోతోంది, కాలు అదిమాడు. టకటకటక.

"మూడెయ్యి."

చప్పుడు ఆగిపోయింది.

"మళ్ళీ నాలుగు."

గోలీలు మళ్ళీ మొదలయ్యాయి. సన్యాసిరాజుగారు సీటుకి చేరగిలబడ్డారు.

"బేరింగు పోతే గేరు సూసి నోరు ముయ్యదమ్మా. న్యూట్రల్లోనూ కొడతాది. ఇది అది కాదు. నాలుగులో ఇంత నెమ్మదిగా ఎత్తెక్కిత్తే ఇంజన్ మీద బరువు పడిపోద్ది. పిస్టన్ ఇంకా పైకొత్తండగానే లోపల పెట్రోలు అక్కడక్కడ దానంతటదే అంటుకుంటాది. ఆ ఎదురుదెబ్బ సప్పుడే ఇది. రోజూ ఇలాగే తోల్తే మసి పట్టి ఇంకా ఎక్కువవుద్ది. ఇంతకీ నీకీ తోలుడు నేర్పిందెవడు? ఇది కారా, ఊరేగింపు బండా?"

"డ్రైవింగ్ స్కూల్లోనండి," అన్నాడు రోషన్.

"ఏ స్కూలో సెప్పు. ఎల్లి అడుగుతాను."

రోషన్ చెవులు ఎర్రబడ్డాయి. నన్ను వెనకేసుకొస్తున్నాడని అర్థమైంది. ఇక ఊరుకోలేకపోయాను.

"నేనేనండి. సాయంత్రాలు రుషికొండ వైపు వెళ్తాం. మూడో గేరులో ఇంజన్ హోరుకి ఈయన మాట వినబడదు. మెల్లగా మాట్లాడతారు. అందుకని నాలుగు వెయ్యమంటాను. ఎత్తొచ్చినా మార్చనివ్వను, కబురు మధ్యలో ఉంటుంది కదా."

సన్యాసిరాజుగారు ముందు సీట్ల మధ్యకి వంగారు.

"పెళ్ళయ్యి ఎన్నాళ్ళయింది?"

"రెండు నెలలు."

"అయితే పర్లేదు. ఏడాది తిరిగితే బండి దానంతటదే మూడుకొచ్చేత్తాది."

షెడ్డులో స్పార్క్ ప్లగ్గులు విప్పితే నల్లగా మసి. కొత్తవి వేశారు. రేడియేటర్‌లో నీళ్ళు, టైర్లలో గాలి చూశారు. అక్కావాళ్ళ బరువుకి సరిపడా రెండు పాత గేరుబాక్సులు డిక్కీలో వేయించి, మళ్ళీ ఎక్కించమన్నారు. ఈసారి రెండు, మూడు గేర్లలోనే. ఇంజన్ హోరెత్తింది. రోషన్ ఏదో అన్నాడు, వినబడలేదు. ఏమన్నాడో అడగాలని నాలుక దురద పెడుతున్నా, పెదవులు బిగించి కొండ మీదిదాకా చెవులు రిక్కించి కూర్చున్నాను. ఒక్క టక కూడా లేదు.

కిందికి వచ్చాక రోషన్ అడిగాడు. "ఆరు రోజుల పిల్లండి. ఎక్కించొచ్చా?"

"నా మనవరాలైతే ఎక్కిత్తాను," అన్నారు సన్యాసిరాజుగారు, చేతులు తుడుచుకుంటూ.

షెడ్డు గుమ్మంలోనే అక్కకి ఫోను చేశాను.

"రేపు తెల్లారి ఐదింటికి బయల్దేరతన్నాం. పదింటికల్లా ఆసుపత్రి గేటు దగ్గరుంటాం. ఘాట్‌లో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ సిన్న గేర్లే. నాను ఎనక సీట్లో, పిల్ల పక్కన. మీ మరిదితో మాటలు లేవు, కబుర్లన్నీ ఇంటికొచ్చాకే."